చేప మేతలో అవిసె నూనె కలిపితే ఒమేగా-3 నిజంగా పెరుగుతుందా?

పద్మనాభం చెరువు:
బొచ్చె, శీలావతి వేశాం. మేత తవుడు, వేరుశనగ చెక్క, మధ్యమధ్యలో తేలే పెల్లెట్లు. అవిసె నూనె కలిపి పెంచి, వైజాగ్ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ల వాళ్లకి ఒమేగా-3 (చేపల్లో ఉండే ఒక రకం కొవ్వు) చేపలని నేరుగా అమ్ముదామంటున్నాడు మా తమ్ముడు. ఆ నూనె చేప ఒంటికి పడుతుందా, డబ్బులు చెరువులో పోసినట్టేనా? పొద్దుతిరుగుడు నూనె అయితే పర్లేదా?

భీమిలి:
పడుతుందండీ. చేప ఏ నూనె తింటే కండలో కొవ్వు కూడా చాలావరకు ఆ తీరుకే మారుతుంది. అందుకే పొద్దుతిరుగుడు వద్దు, దాంట్లో ఒమేగా-3 లేనట్టే, ఎక్కువగా ఉండేది ఒమేగా-6 అనే వేరే రకం కొవ్వు. అవిసె నూనెలో దాదాపు సగం ఏఎల్‌ఏ ఉంటుంది, అదీ ఒమేగా-3యే, మొక్కల్లో దొరికే రకం, కానీ మనం చేపలో వెతుక్కునేది ఈపీఏ, డీహెచ్‌ఏ అనే వేరే ఒమేగా-3 రకాలు. బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపలు ఏఎల్‌ఏని కొంతవరకు వాటిగా మార్చుకోగలవు. పండుగప్పకి ఆ శక్తి చాలా తక్కువ, దానికి చేపనూనో నాచునూనో మేతలో ఉండాల్సిందే. కాబట్టి మీ చేపలో ఏఎల్‌ఏ బాగా పెరుగుతుంది, డీహెచ్‌ఏ మాత్రం అంత పెరగదు.

గాజువాక రాజు:
అన్నా, సంచులకి చిల్లులు పెట్టి తవుడు నింపి చెరువులో కడుతున్నట్టయితే అందులో నూనె కలపొద్దు, సగం నీళ్లమీద తెట్టులా తేలిపోతుంది. పెల్లెట్ల మీద సన్నగా చల్లి, చేత్తో కలిపి, నీడలో ఆరనిచ్చి అదే రోజు వేసెయ్. అవిసె నూనె మన ఎండకి, ఉక్కకి ఇట్టే ముక్కిపోతుంది, ముక్కిన నూనె చేప కాలేయానికి చేటు. డబ్బా మూత గట్టిగా పెట్టి చల్లగా ఉంచు, మేతలో విటమిన్ ఇ ఉందో లేదో సంచి మీద చూడు. మొదటి నుంచీ పొయ్యక్కర్లేదు, పట్టుబడికి ముందు కొన్ని వారాలు ఇచ్చినా తేడా వస్తుంది.

పద్మనాభం చెరువు:
థాంక్స్ అన్నా. మరి ఒమేగా-3 అని బోర్డు పెట్టొచ్చా?

భీమిలి:
టెస్ట్ చేయించకుండా పెట్టకండి. హార్బర్‌లో కవ్వలు (సార్డిన్లు, సముద్రపు చేపలు) కొనేవాళ్లకి ఈపీఏ, డీహెచ్‌ఏ మామూలుగానే దండిగా దొరుకుతాయి, వాళ్లు పోల్చి అడుగుతారు, అడగాలి కూడా. నూనె తిన్న చేప, తినని చేప, ఒకే సైజువి తీసుకుని, పొట్ట కొవ్వు కాకుండా కండ ముక్కనే ల్యాబ్‌కి ఇచ్చి ఫ్యాటీ యాసిడ్ ప్రొఫైల్ (ఏ రకం కొవ్వు ఎంత ఉందో చెప్పే లెక్క) కావాలని అడగండి. రిపోర్టులో ఏఎల్‌ఏ, ఈపీఏ, డీహెచ్‌ఏ విడివిడిగా ఉండాలి, అన్నీ కలిపి ఒక్క అంకె ఇస్తే ఒప్పుకోకండి.