పాత టోపో షీటులో లంక ఒడ్డు పక్కకు పోతోంది: నది కోతా, మ్యాపు తప్పా?

లంకదారి:
ధవళేశ్వరం దిగువ లంకల పాత ఒడ్డు గీసుకుందామని సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం షీటు (65 హెచ్/13) స్కాన్‌ని క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. నాలుగు మూలలకీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చాను, సీఆర్‌ఎస్ (అక్షాంశ రేఖాంశాల పద్ధతి) జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84. ఉపగ్రహ చిత్రం మీద వేస్తే ఒడ్డు దాదాపు 200 మీటర్లు తూర్పుకి జరిగి ఉంది. నది జరిగిందా?

ఏటిగట్టు:
ముందు ధవళేశ్వరం లాకులు చూడండి, అవి కదలని కట్టడాలు. అవీ అంతే జరిగి ఉంటే నది తప్పేం లేదు, డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే ఆధారం) తప్పు. ఆ షీటు గళ్లు ఎవరెస్ట్ దీర్ఘగోళం (భూమి ఆకారానికి పాత లెక్క) మీద గీసినవి. వాటిని డబ్ల్యూజీఎస్ 84 అనుకుంటే మన దగ్గర మ్యాపంతా సుమారు 180 మీటర్లు తూర్పుకి, 120 మీటర్లు దక్షిణానికి పోతుంది. పాయింట్లు ఈపీఎస్‌జీ 4144లో (ఎవరెస్ట్ మీది పాత భారత డేటమ్ కోడ్) ఇచ్చి, తర్వాత వార్ప్ టూల్‌తో 32644కి (డబ్ల్యూజీఎస్ 84 మీద మీటర్లలో ఉండే యూటీఎం 44 ఉత్తర జోన్) మార్చండి.

నాలుగు మూలలు చాలవు. పాత కాగితం సాగుతుంది, మడతల దగ్గర ముడుచుకుంటుంది. 5 నిమిషాల గీతలు కలిసే 16 చోట్లా పాయింట్లు పెట్టి, మ్యాపుని సరిచేసే పద్ధతుల్లో పాలినోమియల్ 2 వాడండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి వద్దు, రెసిడ్యుయల్ (పాయింటు దగ్గర మిగిలే తేడా) సున్నా చూపించి తప్పు పాయింటుని దాచేస్తుంది. రేవు, లంక కొస పాయింట్లుగా అసలే వద్దు. కొలవాల్సినదాన్నే మేకు కొట్టి బిగించినట్టవుతుంది.

ఇసుకతిన్నె:
నీటిని నీటితో పోల్చకండి. సర్వే వాళ్లు ఫీల్డుకి దిగేది వానలు తగ్గాకే. అందుకే షీటులో నీలం పాయ సన్నగా, చుట్టూ ఇసుక చుక్కలు. పక్కన ఆగస్టు చిత్రం పెడితే సగం లంక కొట్టుకుపోయిందనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చి చిత్రం తీసుకుని, చుక్కలు ఆగే గట్టు గీతని ఇప్పటి గట్టుతో పోల్చండి.

కాంటూర్లని (ఒకే ఎత్తు చోట్లని కలిపే గీతలు) నమ్ముకోవద్దు, 50 అడుగుల అంతరం డెల్టాలో ఏమీ చెప్పదు. ఏటిగట్టు పక్కన ‘8 ఆర్’ లాంటి అంకె ఉంటే అది పక్క నేల మీద గట్టు ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. మార్జిన్‌లో ముద్రణ సంవత్సరం కాదు, సర్వే సంవత్సరం రాసుకోండి.

లంకదారి:
4144తో లాకులు, కాలవ చీలికలు ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చున్నాయి. లంక పైకొసలో 40 మీటర్ల తేడా మిగిలింది. కోత అని రాయొచ్చా?

ఏటిగట్టు:
రాయొద్దు. 1:63,360లో అర మిల్లీమీటరు గీతే నేల మీద 32 మీటర్లు. మీ రెసిడ్యుయల్ కూడా కలిపితే 40 అందులోనే మునిగిపోతుంది. 100 దాటితే మాట్లాడొచ్చు. అప్పుడూ యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) సైటులో 1960ల నాటి కరోనా అనే అమెరికా గూఢచారి ఉపగ్రహాల ఫొటో వెతికి, అదే గట్టు అందులో ఎక్కడుందో చూశాకే.