ఎంఎంటీఎస్‌ను కాజీపేట దాకా అడగాలా, వద్దా?

హన్మకొండవాసి: 2003లో మొదలైన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2024లో ఘట్‌కేసర్ చేరింది. యాదగిరిగుట్ట దగ్గరి రాయగిరి దాకా పొడిగింపు ఏళ్లుగా నానుతోంది. అడిగేదేదో కాజీపేట దాకానే అడుగుదాం. సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లే, సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు.

మడికొండ మాస్టారు: ఆ బండిలో మరుగుదొడ్డి ఉండదు. నాకు షుగరు. మూడు గంటలు ఎలా కూర్చోవాలి?

లోకోషెడ్ రిటైర్డ్: ఎంఎంటీఎస్ రెండో దశ మంజూరయ్యాక ఘట్‌కేసర్‌కు బండి రావడానికే దాదాపు పుష్కరం పట్టింది. పైగా ఘట్‌కేసర్ నుంచి ఇటు రెండే లైన్లు. గూడ్సు, ఎక్స్‌ప్రెస్ అన్నీ వాటి మీదే. ప్రతి స్టేషన్‌లో ఆగే బండిని ఎక్కడ ఇరికిస్తారు?

హన్మకొండవాసి: మెమూ, అదే ఊళ్ల మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్ అయినా సరే. పేరు కోసం పట్టుబట్టడం లేదు.

మడికొండ మాస్టారు: మెమూలో మరుగుదొడ్డి ఉంటుందా? అది చెప్పండి ముందు.

జనగామ సీజన్‌టికెట్: మాస్టారూ, మీరు ఏడాదికి రెండుసార్లు ఎక్కుతారు. నేను రోజూ ఎక్కుతాను. నిన్న సాయంత్రం వంగపల్లిలో మా ప్యాసింజర్‌ను పక్కనుండే లూపులైన్‌లో నిలిపారు. ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది, వెనకే ఇంకొకటి. పల్లీల పొట్లం అయిపోయింది, సిగ్నల్ పడలేదు. ఇంటికి వెళ్లేసరికి మా పాప నిద్రపోయింది. ఆదివారం నన్ను చూస్తే "ఈ రోజు బండి లేదా నాన్నా?" అంటుంది.

లోకోషెడ్ రిటైర్డ్: అందుకే ఇంకో బండి వద్దంటున్నాను. లైన్ వేయకుండా బండి వేస్తే మీరు వంగపల్లిలో ఇంకో అరగంట కూర్చుంటారు.

హన్మకొండవాసి: మీకు రైల్వే పాస్ ఉంది కాబట్టి తీరిగ్గా మాట్లాడుతున్నారు!

లోకోషెడ్ రిటైర్డ్: పాస్ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మా నాన్న వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లుకు నడిచి వెళ్లేవాడు. మధ్యాహ్నం మేమే అన్నం గిన్నె తీసుకెళ్లేవాళ్లం. 1934లో పెట్టిన మిల్లు, ఇప్పుడు లేదు. నా కొడుకు ఉప్పల్‌లో అద్దె ఇంట్లో ఉన్నాడు. మీరు బండి అడుగుతున్నారు, నేను ఇక్కడ పని ఎందుకు లేదని అడుగుతున్నాను. బండి వస్తే వరంగల్ హైదరాబాద్‌కు పడకగది అవుతుంది.

హన్మకొండవాసి: ఇప్పుడు పడకగది కూడా కాదు, తాళం వేసిన ఇల్లు. మా వాడకట్టులో ముసలివాళ్లే మిగిలారు. బండి ఉంటే పిల్లలు రాత్రికైనా వస్తారు.

మడికొండ మాస్టారు: నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

జనగామ సీజన్‌టికెట్: ఇప్పుడొచ్చే మెమూల్లో ఉంటుంది మాస్టారూ. పెద్దాయనా, మీరన్న పని వచ్చేసరికి మా పాప పెళ్లీడుకొస్తుంది. ఉంటాను, నాలుగున్నరకు లేవాలి.