సెమీస్‌లో కీపర్‌ని మార్చడమే మన సీజన్‌ని ముంచిందా?

పటమట_11 · శనివారం రాత్రి 9:40
నిన్న గుంటూరు వెళ్లి మన కాలేజీ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చూసొచ్చా. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. రాలేకపోయినవాళ్ల కోసం జరిగింది చెప్తా. అంతర కళాశాలల పోటీల్లో ఈ ఏడు మనోళ్లు మూడు మ్యాచ్‌లు గెలిచి సెమీస్‌కి వచ్చారు. మూడింట్లో కలిపి మన మీద పడింది ఒక్కటే గోల్. అన్నీ ఆడింది థర్డ్ ఇయర్ కీపర్, సింగ్ నగర్ కుర్రోడు. నిన్న 90 నిమిషాలకి 1-1. ఎక్స్‌ట్రా టైంలోనూ అంతే. ఇంక పెనాల్టీలే అనుకుంటుంటే 119వ నిమిషంలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ వాణ్ని బయటికి పిలిచి సెకండ్ ఇయర్ కీపర్‌ని దింపారు. ఆ పిల్లోడు సీజన్ మొత్తంలో ఒక్క నిమిషం ఆడలేదు. నాలుగు షాట్లు వచ్చాయి, నాలుగూ లోపలికే. 4-2తో ఓడిపోయాం. సార్ అంటే నాకు గౌరవమే. కానీ ఈ నిర్ణయం తప్పు. మీరేమంటారు?

కృష్ణలంక_కుర్రోడు · 9:52
తప్పే అన్నా. నూటికి నూరుపాళ్లు తప్పు.

వన్‌టౌన్_స్టాపర్ · 10:05
తప్పు ఎట్టా అవుద్ది? 2014 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. కోస్టారికా మీద నెదర్లాండ్స్ కోచ్ వాన్ గాల్ ఎక్స్‌ట్రా టైం చివర్లో కీపర్ సిలెసెన్‌ని తీసి టిమ్ క్రుల్‌ని పంపాడు. క్రుల్ రెండు ఆపాడు, 4-3తో గెలిచారు. తర్వాత అర్జెంటీనాతో సెమీస్‌లో మార్పులన్నీ అయిపోయి సిలెసెన్‌నే ఉంచాల్సి వచ్చింది. 4-2తో ఓడారు. మార్చినప్పుడు గెలిచారు, మార్చనప్పుడు ఓడారు. రూల్ కూడా ఒప్పుకుంటుంది, మార్పు మిగిలుంటే చాలు. పెనాల్టీలో తప్పు కొట్టిన ఇద్దరినీ వదిలేసి కీపర్ మీద పడతారేంటి? మన నాలుగు షాట్లలో రెండు గోల్‌పోస్టు పైనుంచి పోయాయి.

పటమట_11 · 10:21
వాన్ గాల్ సంగతి నాకూ తెలుసు అన్నా. క్రుల్‌కి ముందే చెప్పి ఉంచారు, వాడు దానికి సిద్ధమై కూర్చున్నాడు. మన పిల్లోడు ట్రాక్ ప్యాంటులో ఉన్నాడు. వార్మప్ లేదు. పిలిచాక బెంచి కింద గ్లవ్స్ వెతుక్కోవడం నేను కళ్లారా చూశా, ఒకటి దొరికింది, రెండోది కిట్ బ్యాగు అడుగున ఉంది. అట్టా వెళ్లి 7.32 మీటర్ల గోల్‌పోస్టు మధ్యలో నిలబడితే వాడికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందో ఆలోచించండి. బంతి ఉండేది 11 మీటర్ల దూరంలో. అప్పటికి వెలుతురు కూడా తగ్గిపోయింది.

వన్‌టౌన్_స్టాపర్ · 10:30
వెలుతురు ఇద్దరు కీపర్లకీ ఒకటే తగ్గింది. వాళ్ల కీపర్ ఏమీ ఆపలేదు కదా, మనోళ్లే పైకి కొట్టారు.

పాతకాపు · 10:48
నేను 1983లో పాసయ్యాను. మీ ఇద్దరి వాదనా చదివాను నాయనా. కోచ్ తీసుకునే నిర్ణయం ఫలిస్తే తెలివి అంటారు, బెడిసికొడితే పిచ్చి అంటారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ ఆయన. మన ఇండియా టీం కోచ్ రహీం సాబ్ ఆయన్ని ముందు గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం తెచ్చారు. ఓడి ఉంటే ఏమనేవాళ్లు? అయితే నా బాధ వేరు. ఎక్స్‌ట్రా టైంలో మన పిల్లలు నడుస్తున్నారని విన్నాను. 30 నిమిషాలు పరిగెత్తే ఓపిక ఎందుకు లేదు? మన గ్రౌండులో సగం క్రికెట్ నెట్స్‌కి, ఇంకో సగం ఫెస్ట్ వస్తే పార్కింగ్‌కి పోతుంది. ఆ మిగిలిన గులకరాళ్ల మీద పడి ఏ కీపర్ డైవ్ నేర్చుకుంటాడు?

కృష్ణలంక_కుర్రోడు · 10:55
గోల్‌కి నెట్టు కూడా లేదు బాబాయ్. బంతి పోతే కాలవ దాకా పరిగెత్తాలి.

పటమట_11 · 11:10
గ్రౌండు గురించి వేరే థ్రెడ్ పెట్టుకుందాం బాబాయ్. నేనడిగేది ఒక్కటే: సీజన్ అంతా ఆడినవాణ్ని చివరి నిమిషంలో ఎందుకు దించారు? నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తా. నా ఫైనల్ ఇయర్‌లో నన్నూ ఫైనల్‌కి ముందురోజు రాత్రి లిస్టులోంచి తీసేశారు. కారణం అడిగితే రేపు మాట్లాడదాం అన్నారు. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు. నా 11వ నంబరు జెర్సీ వేరేవాడు వేసుకుని ఆడుతుంటే ఎండలో మెట్ల మీద కూర్చుని చూశా. నిన్న ఆ కుర్రోడు టచ్‌లైన్ దగ్గర తువ్వాలు మొహమ్మీద కప్పుకుని పడుకుంటే నాకు అదే గుర్తొచ్చింది. ఇంకొకటి, ఆ సెకండ్ ఇయర్ కుర్రోడి నాన్న మేనేజ్‌మెంట్‌కి దగ్గరవాడని నిన్న గ్రౌండులో నలుగురు అన్నారు.

వన్‌టౌన్_స్టాపర్ · 11:16
ఆగు. నలుగురు అన్నారని 19 ఏళ్ల పిల్లోడి మీద ఇట్టా రాస్తావా? వాడు రేపు ఇది చదువుతాడు. మాట వెనక్కి తీసుకో. నీకు జరిగినదానికి నేను బాధపడతా, కానీ నీ ఫైనల్ బాకీ వీడి దగ్గర వసూలు చేయకు.

పటమట_11 · 11:19
మరి కారణం చెప్పమను! మీరు మాత్రం సార్ ఏం చేసినా ఒప్పే అంటారు. ఎందుకంత?

వన్‌టౌన్_స్టాపర్ · 11:22
నేను సార్‌ని వెనకేసుకురావడం లేదు. నీకు అట్టా కనిపిస్తే అది నీ కోపం.

బెంచి_14 · 11:47
అన్నలూ, నేను ప్రస్తుత టీంలో ఉన్నా. రాయకూడదనుకున్నా గానీ ఆ సెకండ్ ఇయర్ తమ్ముడి పేరు ఇందులోకి లాగాక ఉండలేకపోయా.

కీపర్‌ని సార్ తీయలేదు. వాడే చెయ్యెత్తాడు. రెండు పిక్కలూ పట్టేశాయి. 112వ నిమిషంలో గోల్ కిక్ కూడా వాడు కొట్టలేదు, స్టాపర్ (వెనక ఆడే డిఫెండర్) కొట్టాడు, ఎవరైనా గమనించారా? నిన్న పొద్దున 9:30కి వాడికి ల్యాబ్ ఇంటర్నల్ పరీక్ష. పన్నెండున్నరకి బయటపడి బస్సెక్కి గుంటూరు బస్టాండులో దిగి ఆటోలో గ్రౌండుకి వచ్చేసరికి 2:25. 3 గంటలకి మ్యాచ్. దారిలో రెండు అరటిపళ్లు తిన్నాడు, అంతే. మేమంతా టీం బస్సులో పదింటికే వెళ్లి భోజనం చేసి పడుకున్నాం.

ల్యాబ్ ఎందుకు మానలేదంటే, వాడి అటెండెన్స్ 65 శాతం దగ్గర ఊగుతోంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద వాళ్ల ఇంట్లోకి వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన ఆ రోజుల్లోనే. వాళ్లది గ్రౌండ్ ఫ్లోర్. నీళ్లు తీశాక బురద ఎత్తడానికి మేం నలుగురం వెళ్లాం. బీరువా వెల్లకిలా పడుంది, తలుపు రాకపోతే గునపంతో తెరిచాం. వాడి గ్లవ్స్ అందులోనే ఉన్నాయి. సబ్బుతో ఉతికి పిట్టగోడ మీద ఆరేస్తే అరచేతి రబ్బరు పెంకులుగా లేచిపోయింది. మూడు మ్యాచ్‌లూ వాటికి టేపు చుట్టుకుని ఆడాడు. క్లాసులు మొదలయ్యాక కూడా వాడు రెండు వారాలు రాలేదు, ఇల్లు కడుక్కుంటూ ఉన్నాడు. ఆ రోజులకి ఎవరూ ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే క్లాసుకి వచ్చినట్టే లెక్క) ఇవ్వలేదు. మ్యాచ్ రోజుకే ఇస్తారు.

పటమట_11 · 11:58
తమ్ముడూ, నాకు తెలియదు. ఆ పిల్లోడి గురించి, వాళ్ల నాన్న గురించి రాసింది వెనక్కి తీసుకుంటున్నా. వాడికి నా తరఫున సారీ చెప్పు, నేను కూడా నేరుగా చెప్తా.

కానీ ఇప్పుడు నా కోపం ఇంకా పెరిగింది. సెమీఫైనల్ రోజే ల్యాబ్ ఇంటర్నల్ ఏంటి? ఆ ఒక్క కుర్రోడికి వేరే రోజు పెడితే ఏం పోయేది?

సివిల్_మేడం · ఆదివారం ఉదయం 7:15
నేను ఆ డిపార్ట్‌మెంట్ కాదు గానీ ఇదే కాలేజీలో పాఠం చెప్తాను. మ్యాచ్ తేదీ మాకు రెండు రోజుల ముందు తెలిసింది. ఇంటర్నల్ షెడ్యూల్ నెల ముందే ఇచ్చేస్తాం. వారం ముందు లెటర్ వచ్చుంటే బ్యాచ్ మార్చేవాళ్లం, అది ఏటా చేస్తూనే ఉన్నాం. ఇంక అటెండెన్స్ అంటారా, 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య అయితే కారణం చూపించి కండోనేషన్ (మినహాయింపు) ఫీజు కట్టాలి, 65 తగ్గితే డిటెన్షన్, అంటే జూనియర్లతో మళ్లీ చదవాలి. క్లాసులో లేనివాడికి ఉన్నట్టు వెయ్యమని నన్ను అడగొద్దు. అది నేను చెయ్యను.

పటమట_11 · 8:02
మేడం, అబద్ధం రాయమని అడగడం లేదు. పొద్దున 6 నుంచి 8 దాకా కాలేజీ గ్రౌండులో, కాలేజీ జెర్సీలో, కాలేజీ కోసం ప్రాక్టీస్ చేస్తున్నాడు. దాన్ని హాజరుగా ఎందుకు లెక్కపెట్టరు? కప్పు తెస్తే ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో పెట్టుకుంటారు కదా.

పాతకాపు · 8:20
ఇదీ అసలు మాట. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 54 దాకా వరసగా 5 రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీలు గెలిచింది. ఆ ఆటగాళ్లకి పోలీసు ఉద్యోగం ఉండేది, నెల తిరిగితే జీతం వచ్చేది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే ఆ పునాది మీదే. ఆడినవాడికి అన్నం పెట్టారు కాబట్టి ఆట నిలిచింది. మనం పిల్లల చేత ఆడించుకుని సెమిస్టర్ లాక్కుంటున్నాం.

వన్‌టౌన్_స్టాపర్ · 8:41
బాబాయ్, అందుకే నేను చెప్పేది వినండి. నిన్న రాత్రి నన్ను ఎందుకంత అని అడిగాడు పటమట తమ్ముడు. చెప్తా. 2011లో థర్డ్ ఇయర్‌లో నేను ఈ టీంకి స్టాపర్‌ని. 63 శాతం వచ్చింది. ఓడీ లెటర్లన్నీ పట్టుకుని మూడు గదులు తిరిగా. డిటెయిన్ అయ్యా. నా బ్యాచ్ వాళ్లు క్యాంపస్ ఇంటర్వ్యూలకి ఇస్త్రీ చొక్కాలేసుకుని వరండాలో నిలబడితే నేను జూనియర్లతో కలిసి క్లాసుకి వెళ్లా. నాన్న వన్‌టౌన్‌లో బట్టల కొట్లో గుమస్తా. ఏడాది ఫీజు మళ్లీ అప్పు తెచ్చి కట్టాడు. ఆ ఏడాదంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ప్రాక్టీస్‌కి అటెండెన్స్ ఇప్పిస్తామని అప్పుడు కూడా అన్నారు. మాటే, కాగితం రాలేదు. అందుకని నా మాట ఒక్కటే: 75 లేనివాణ్ని టీంలోకి తీసుకోవద్దు. పీడీ సారే ఆపాలి. ఆడి గెలిచినా వాడి సెమిస్టర్ ఎవరూ తెచ్చివ్వరు.

పటమట_11 · 8:55
అన్నా, మీకు జరిగింది ఘోరం. కానీ మీరు చెప్పినట్టు చేస్తే ఇంటికి నీళ్లొచ్చినవాడు ముందు పోతాడు టీంలోంచి. ఏసీ హాస్టల్‌లో ఉన్నవాడికి 90 శాతం ఉంటుంది. టీం వాళ్లదే అవుతుంది.

వన్‌టౌన్_స్టాపర్ · 9:03
అవనీ. ఒక్క సీజన్ అట్టా పోనీ.

పటమట_11 · 9:06
పోనీ అనడం నా వల్ల కాదు. నేను ప్రిన్సిపాల్‌కి లెటర్ రాస్తున్నా. ప్రాక్టీస్‌కి రోజుకి ఒక పీరియడ్ లెక్కపెట్టాలి, వరద రోజులకి కండోనేషన్ ఫీజు లేకుండా మాఫీ చెయ్యాలి, ఫిక్చర్ (మ్యాచ్ తేదీ) వచ్చిన రోజే డిపార్ట్‌మెంట్‌కి తెలియజెయ్యాలి. పాత ప్లేయర్లందరూ సంతకం పెట్టండి.

సివిల్_మేడం · 9:20
మూడోదానికి నేనూ పెడతాను. రెండోది అడగడం న్యాయమే. మొదటిది ఒప్పుకోను.

వన్‌టౌన్_స్టాపర్ · 9:28
75 లేనివాళ్లు ఆడకూడదన్న వాక్యం చేర్చు, పెడతా. లేకపోతే పెట్టను.

పటమట_11 · 9:31
ఆ వాక్యం చేరిస్తే ఆ కుర్రోడికే వచ్చే సీజన్ ఉండదు. ఎవరి కోసం రాస్తున్నామో వాడినే బయట పెట్టమంటారా?

వన్‌టౌన్_స్టాపర్ · 9:33
వాడి కోసమే చెప్తున్నా.

కృష్ణలంక_కుర్రోడు · 9:40
వాణ్నే అడగొచ్చు కదా అన్నలూ.

బెంచి_14 · 9:52
వాడు పొద్దుట్నుంచీ చదువుతున్నాడు ఇదంతా. రేపు థియరీ ఇంటర్నల్ ఉందంట, అయిపోయాక రాస్తానన్నాడు.