తాతల మతం చూసి మనవడి "జాతి" తేల్చారా? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నాజీ జర్మనీ పాఠం చదువుతూ, "నాన్నా, అమ్మానాన్నలు క్రైస్తవుల్లో కలిసిపోయి, తనకూ పుట్టగానే బాప్తిస్మం ఇప్పించినా ఆ మనిషిని యూదుడే అన్నారా?" అని అడిగింది. అనరులే అని చెప్పేశాను. తర్వాత చదివితే తప్పు నాదే.

1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. యూదులకు పూర్తి పౌరసత్వం పోయింది, జర్మన్లతో పెళ్ళి నేరమైంది. ఇంతకీ యూదుడు ఎవరు? అది నవంబరు 14న తేల్చారు. అమ్మ వైపు, నాన్న వైపు కలిపి నలుగురు తాతా అవ్వల్లో ముగ్గురు యూదులైతే ఆ మనిషి యూదుడే. ఇద్దరే అయితే మళ్ళీ మెలికలు: యూదు మత సమాజంలో ఉన్నాడా, యూదు స్త్రీని పెళ్ళాడాడా అని.

నాకు అంతుపట్టనిది ఇదే. పైకి "రక్తం" అంటారు. తీరా తాత యూదుడని తేల్చడానికి చూసింది ఆయన మతం! మామూలుగా రక్త పరీక్షా లేదు పాడూ లేదు, చర్చి రిజిస్టర్ల లాంటి పాత రికార్డులు తిరగేయడమే. మరి ఆ తాతే చిన్నప్పుడు మతం మారి ఉంటే? రిజిస్టరే దొరక్కపోతే? అధికారులు ఏం చేసేవాళ్ళు?

పిల్లకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి. సోమవారం క్లాసులో మాట్లాడాల్సింది తను, టెన్షన్ మాత్రం నాకు.