మెడ మీద ముద్దు గుర్తు: రుద్ది పోగొట్టాలా, కప్పుకుని ఆగాలా?

రుషికొండ ఉద్యోగిని:
మాకు పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. నా భర్త ముద్దు పెట్టిన చోట, మెడకు ఎడమ పక్కన, చెవికి కొంచెం దిగువన చర్మం కమిలింది. రాత్రి ఎర్రగా ఉన్న మచ్చ తెల్లవారేసరికి ముదురు ఊదా రంగుకు తిరిగింది. రేపు ఆఫీసుకు వెళ్లాలి, ఆదివారం సింహాచలంలో మా ఆడపడుచు పాపకు అన్నప్రాశన ఉంది. చల్లటి రూపాయి నాణెంతో గట్టిగా రుద్దితే గంటలో పోతుందని స్నేహితురాలు చెప్పింది. మా అక్క పసుపు, సున్నం కలిపి పట్టు వేయమంటోంది. నా భర్త మాత్రం ఇందులో దాచవలసినంత తప్పేముందని అడుగుతున్నారు. ఈ గుర్తును నిజంగా తొందరగా పోగొట్టవచ్చా, అసలు దాచవలసిన అవసరం ఉందా అన్న రెండు విషయాల్లోనూ తెలిసినవారు అభిప్రాయం చెప్పగలరు.

అక్కయ్యపాలెం వాసి:
రుద్దడంలో తప్పు లేదని నా అభిప్రాయం. దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టిన చోట నూనె రాసి మర్దన చేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఒకే చోట నిలిచిన నెత్తురును దువ్వెనతోనో నాణెంతోనో చుట్టుపక్కలకు చెదరగొడితే అది పలచబడి, శరీరం దాన్ని త్వరగా పీల్చుకుంటుంది. మా హాస్టల్లో చాలామంది ఇలాగే చేసేవారు, మచ్చ లేతబడేది కూడా. ఏమీ చేయకుండా కూర్చోమని చెప్పడం ఆదివారం శుభకార్యం పెట్టుకున్నవారికి సమాధానం కాదు.

ద్వారకానగర్ ఫార్మసిస్టు:
అక్కయ్యపాలెం వారు చెప్పినదానితో నేను ఏకీభవించలేను. ఈ ప్రశ్నతో మందుల దుకాణానికి వచ్చేవారు చాలామంది అప్పటికే రుద్ది, గీరి, మచ్చను రెండింతలు చేసుకుని వస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెదవులతో గట్టిగా పీల్చినప్పుడు చర్మం కిందనున్న అతి సన్నని రక్తనాళాలు చిట్లి, వాటిలోని రక్తం చుట్టూ ఉన్న కణజాలంలోకి కారుతుంది. మెడ దగ్గర చర్మం పలుచగా ఉంటుంది కాబట్టి ఆ రంగు బయటికి బాగా కనిపిస్తుంది. అది నాళాల లోపల ప్రవహిస్తున్న రక్తం కాదని తెలుసుకోవడం సులువే: పారదర్శకమైన గాజు గ్లాసును మచ్చ మీద ఆనించి మెల్లగా నొక్కండి. మామూలు ఎరుపైతే పాలిపోతుంది, కమిలిన మచ్చ పాలిపోదు. అలా బయటికి వచ్చేసిన రక్తాన్ని శరీరమే విడగొట్టుకోవాలి. ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్ ముందు ఆకుపచ్చని బిలివెర్డిన్‌గా, తర్వాత పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారుతుంది, ఇనుము భాగం గోధుమరంగు హీమోసిడెరిన్‌గా కొంతకాలం నిలుస్తుంది. ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, పసుపు అంటూ మచ్చ రంగులు మారుతూ రావడానికి కారణం ఇదే. చామనఛాయ వారిలో ఈ రంగులు విడివిడిగా తెలియకపోవచ్చు, ముదురు గోధుమ మచ్చగానే కనిపించి మెల్లగా పలచబడుతుంది. సాధారణంగా ఒక వారం, కొందరిలో రెండు వారాల దాకా పడుతుంది. గంటలో పోగొట్టే ఉపాయం ఏదీ లేదు.

నాణెంతో రుద్దినప్పుడు జరిగేది మరికొన్ని నాళాలు చిట్లడమే. పక్కల చర్మం కూడా ఎర్రబడడంతో మచ్చకు, మామూలు చర్మానికి మధ్య తేడా కాసేపు తగ్గినట్టు కనిపిస్తుంది, హాస్టల్లో మీరు చూసిన లేతదనం బహుశా అదే అయి ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. మెడ పక్క భాగంలో మెదడుకు రక్తం తీసుకువెళ్లే కెరోటిడ్ ధమని ఉంటుంది, అది రెండుగా చీలే చోట రక్తపోటును గమనించే కెరోటిడ్ సైనస్ ఉంటుంది. అక్కడ గట్టిగా నొక్కితే కొందరిలో గుండె వేగం, రక్తపోటు హఠాత్తుగా తగ్గి కళ్లు తిరుగుతాయి. కాలి పిక్కను మర్దన చేసినట్టు మెడను మర్దన చేయకూడదని అంటున్నది అందుకే. ముద్దు గుర్తు పడిన చోట లోపలి ధమనిలో రక్తపు గడ్డ ఏర్పడి పక్షవాతానికి దారితీసిన 44 ఏళ్ల మహిళ కేసును న్యూజిలాండ్ వైద్యులు 2010లో ప్రచురించారు. అది అత్యంత అరుదైన విషయం, భయపడవలసిన పని లేదు. అయితే మెడ కమిలిన తర్వాత చేయి గానీ కాలు గానీ బలహీనపడినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. మొదటి రోజు చల్లదనం పనికివస్తుంది, ఎందుకంటే చలికి నాళాలు ముడుచుకుని రక్తం కారడం తగ్గుతుంది. మంచుముక్కను నేరుగా పెట్టకుండా మెత్తని గుడ్డలో చుట్టి, 10 నిమిషాలు ఒత్తిడి లేకుండా ఆనించి తీసేయండి. కొన్ని గంటల విరామంతో మళ్లీ చేయవచ్చు. 48 గంటలు గడిచాక గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టుకోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఉన్న పూతమందులను కమిలిన చోట వాడుతుంటారు, కానీ తెగిన చర్మం మీద వాటిని రాయకూడదు. రక్తం పలచబడే మందులు వేసుకుంటున్నవారు డాక్టరును అడిగాకే ఈ పూతమందులు వాడాలి. ఆర్నికా, విటమిన్ కె క్రీముల గురించి చాలా చెబుతారు గానీ, వాటికి ఉన్న ఆధారాలు బలమైనవి కావు. నొప్పి ఉంటే పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది కాబట్టి దీనికోసం వేసుకోవద్దు.

సున్నం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది బలమైన క్షారం, మెడ వంటి పలుచని చర్మాన్ని కాల్చగలదు. మచ్చ వారంలో పోతుంది, కాలిన గుర్తు నెలల తరబడి ఉంటుంది. టూత్‌పేస్టు, తలనొప్పి బాములు కూడా మంట పుట్టించి చర్మాన్ని రేపుతాయే తప్ప లోపలి రక్తాన్ని కదిలించలేవు.

అక్కయ్యపాలెం వాసి:
సున్నం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అయితే వేడి కాపడం మీరే చెప్పారు. వేడి రక్తప్రసరణను పెంచుతుందంటే మర్దన చేసేదీ అదే కదా? రెండు రోజుల తర్వాత కొబ్బరినూనెతో మెల్లగా రాయడాన్ని కూడా కాదంటారా?

ద్వారకానగర్ ఫార్మసిస్టు:
చర్మాన్ని లాగకుండా, వేలి కొనలతో నూనె పూయడానికి అభ్యంతరం లేదు, పొడిబారిన చర్మానికి అది మంచిదే. నాకు అభ్యంతరమంతా ఒత్తిడి మీద. వేడి నాళాలను వెడల్పు చేస్తుంది, నాణెం వాటిని చింపుతుంది. ఇక కాపడం వల్ల ఒకటి రెండు రోజులు ముందు మానవచ్చునేమో గానీ, ఆదివారానికి మచ్చ మాయమవుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను.

గాజువాక బ్యూటీషియన్:
ఆదివారానికి మచ్చ మానదు కాబట్టి కప్పడమే దారి, ఆ పని సరిగా చేస్తే ఎవరికీ తెలియదు. ఎక్కువమంది చేసే తప్పు ముఖానికి వాడే ఫౌండేషన్‌ను మెడ మీద మందంగా పూయడం. ఊదా రంగు దాని కిందనుంచి బూడిదరంగులో కనిపిస్తుంది. ముందు రంగును రంగుతో సరిచేయాలి. ఎరుపుకు ఆకుపచ్చ కరెక్టర్ (కింది రంగును తగ్గించే రంగు క్రీము) వాడమని అంతటా చెబుతారు, కానీ అది బాగా తెల్లని చర్మానికి సరిపోయే సలహా. మన చామనఛాయ మీద, అందులోనూ ఊదా దశకు వచ్చిన మచ్చ మీద, నారింజ లేదా పీచ్ రంగు కరెక్టర్ సరిపోతుంది. మచ్చ మేరకే చాలా కొద్దిగా పెట్టి, ఉంగరం వేలితో తట్టాలి. రుద్దితే పైరంగు లేచిపోతుంది, కింది చర్మమూ నొచ్చుకుంటుంది. అది ఆరాక మెడ రంగుకు సరిపోయే, మచ్చలను కప్పే క్రీము, అంటే కన్సీలర్‌ను అంచులు దాటి పలచగా పరిచి, రంగులేని పౌడర్‌ను పఫ్‌తో అద్దండి. మచ్చ పసుపుపచ్చబడిన దశలో కరెక్టర్ అవసరం ఉండదు, కన్సీలర్ ఒక్కటే చాలు.

విశాఖలో అసలు సమస్య చెమట. సముద్రపు గాలిలోని తేమకు మధ్యాహ్నానికే పూత జారుతుంది, నల్లపూసల గొలుసు కదిలే చోట పౌడర్ ముందుగా పోతుంది. ఆ ఒక్క రోజు గొలుసు కొంచెం పొడవుది వేసుకోండి, చెమటను తుడవకుండా రుమాలుతో అద్దండి. జుట్టు వదిలి కప్పుకుందామని అనుకోవద్దు. సింహాచలం కొండ మీద గాలి ఉంటుంది, పైగా మాటిమాటికీ చేయి మెడ మీదికి పోతే చూపులూ అక్కడికే పోతాయి. ఎండాకాలంలో మెడకు చుట్టిన స్కార్ఫ్ కూడా అలాంటిదే. చీరకైతే హైనెక్ జాకెట్టు, ఆఫీసుకైతే కాలర్ ఉన్న కుర్తీ సహజంగా ఉంటాయి. లేత రంగు కాలర్‌కు కన్సీలర్ అంటుతుంది కాబట్టి ముదురు రంగు ఎంచుకోండి. రాత్రి కొబ్బరినూనెతో తడిపి, మెత్తని దూదితో తీసేయండి.

పెదవాల్తేరు సభ్యురాలు:
ఇంత శ్రమ ఎందుకన్నది నా ప్రశ్న. రుషికొండ ఉద్యోగిని గారు పెళ్లయినవారు, అది ఆమె భర్త ముద్దు. పెళ్లి కాకపోయినా సరే, వయసు వచ్చిన ఇద్దరి ఇష్టంతో జరిగినదానికి లెక్క చెప్పవలసిన పని లేదు. అదే గుర్తు మగవాడి మెడ మీద కనిపిస్తే స్నేహితులు భుజం తట్టి వదిలేస్తారు, స్త్రీ మెడ మీద కనిపిస్తే ఆమె పెంపకం గురించి మాట్లాడతారు. మనం దాచిన ప్రతిసారీ ఆ మాట్లాడేవారికి బలం ఇస్తున్నాం. ఆమె భర్త అడిగినది న్యాయమైన ప్రశ్న.

మధురవాడ సభ్యుడు:
భర్త అడగడం న్యాయమే కావచ్చు, కానీ చూపులను ఎదుర్కోవలసినది ఆయన కాదు, ఆమె. కప్పుకోవాలో వద్దో నిర్ణయం ఆమెది మాత్రమే. అత్తవారి పెద్దల ముందు పడకగది విషయం కనిపించకూడదని కోరుకోవడం పిరికితనం కాదు, అది తన ఏకాంతాన్ని తాను కాపాడుకోవడం. సిగ్గుపడి దాచడం వేరు, నాది నాకే ఉండనీ అని దాచడం వేరు. ఇకమీదట కనిపించే చోట వద్దని ఆమె చెబితే, ఆ మాట వినడం ఆయన బాధ్యత.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఇది ఈ దంపతుల గురించి కాదు. ఇష్టం లేకుండా పడిన గుర్తు గానీ, గొంతు నొక్కడం వల్ల పడిన గుర్తు గానీ అయితే కన్సీలర్ జోలికి పోకముందే ఫోటో తీసి, డాక్టరుకు చూపించాలి. గొంతు నొక్కినప్పుడు పైకి మచ్చ చిన్నదిగా ఉన్నా లోపల గాయం ఉండవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి రావడం ప్రమాద సూచనలు. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది.

పెదవాల్తేరు సభ్యురాలు:
చివరి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మొదటి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. సిగ్గుకూ ఏకాంతానికీ తేడా మీరు చెప్పినంత స్పష్టంగా మన ఇళ్లలో స్త్రీలకు అందుబాటులో లేదు. నిర్ణయం ఆమెదే అన్నంతవరకు ఒప్పుకుంటాను.

పరవాడ ఉద్యోగి:
నేను ఫార్మా కంపెనీ ఉత్పత్తి విభాగంలో పనిచేస్తాను. మాకు లోపలికి మేకప్‌తో వెళ్లడం నిషిద్ధం, కాబట్టి గాజువాక వారి సలహా నాలాంటివారికి కుదరదు. అలాంటప్పుడు ప్లాస్టర్ అంటించుకోవచ్చా?

ద్వారకానగర్ ఫార్మసిస్టు:
అంటించుకోవద్దు. ప్లాస్టర్ చూడగానే సూపర్‌వైజరు మీకు గాయమైందనుకుని వివరం అడుగుతారు, ఎందుకంటే తెరిచిన పుండు ఉన్నవారిని మందు తయారయ్యే చోటికి పంపకూడదన్నది ఆ విభాగాల్లో నియమం. చర్మం తెగకుండా కమిలిన మచ్చ తెరిచిన పుండు కాదు. మెడను కప్పే గౌను, తలమీది హుడ్ వేసుకునే విభాగమైతే లోపల అది ఎలాగూ కనిపించదు. గేటు నుంచి బట్టలు మార్చుకునే గది దాకా పై గుండీ పెట్టిన చొక్కా సరిపోతుంది. పంటి వల్ల చర్మం చీలి ఉంటే మాత్రం సబ్బు నీటితో కడిగి, కంపెనీ వైద్య గదిలో చూపించి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి.