సమస్యాపూరణం: ముందు నాల్గు పుట్టె మొదటికన్న

సంచాలకులు:
ఈ వారం సమస్య "ముందు నాల్గు పుట్టె మొదటికన్న". ఆటవెలది నాలుగవ పాదంగా పూరించాలి, విషయం స్టార్ వార్స్ చిత్రాలు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. ఎవరూ పట్టించుకోని పాత్రలకు చోటిస్తే మరీ సంతోషం.

తారాపథం:
కొడుకు కథను తెరకు కొనితెచ్చి, యాపైన
తండ్రి బాల్యమంత తడసి చూపె
లూకసల్లినట్టి లోకాల గాథలో
ముందు నాల్గు పుట్టె మొదటికన్న

లూకసు అంటే చిత్రకర్త జార్జ్ లూకస్. నాలుగో భాగంగా లెక్కించే కొడుకు లూక్ కథ 1977 మే 25న వచ్చింది. తండ్రి అనాకిన్ పసితనం, అంటే మొదటి భాగం, చూడటానికి 1999 మే 19 దాకా ఆగాల్సి వచ్చింది.

గురులఘువు:
గణాలు కుదిరాయి. కొ-కొ, తం-త, లూ-లో, యతులన్నీ సరి. సమస్యలోని విరోధం మూడో పాదానికల్లా విడిపోయింది. అయితే పద్యం తండ్రీకొడుకుల దగ్గరే ఆగింది, చిన్న పాత్ర ఏదీ రాలేదు.

గగనచారి:
రెండు మృత్యుగోళ రణములందున నిల్చి
వెడ్జి తిరిగి వచ్చె విజయమంది
పేరు మరచినారు ప్రేక్షకులందరు
ముందు నాల్గు పుట్టె మొదటికన్న

గురులఘువు:
మృత్యుగోళాల (డెత్ స్టార్ల) మీద దాడి చేసిన పైలట్ వెడ్జ్ యాంటిలీస్‌ను తలచుకున్నందుకు చాలా సంతోషం. రెండు సవరణలు కావాలి.

మొదటి పాదం: రెండు | మృత్యు | గోళ | రణములం | దున నిల్చి. హ, హ, హ, నగ, సల. గణాలు బాగున్నాయి, యతి తప్పింది. హల్లు రెండుచోట్లా రకారమే అయినా అచ్చులు కలవాలి. ఎకారానికి ఇ, ఈ, ఋ, ఎ, ఏలతోనే మైత్రి కాబట్టి రె-ర చెల్లదు. "దండయాత్రల నిల్చి" అంటే రెండు-దండ ప్రాసయతి పడుతుంది. గణాలు ర, సల అవుతాయి, ఇబ్బంది లేదు.

రెండోది ఇంకా పెద్దది. మూడో పాదానికీ సమస్యకూ సంబంధం లేదు. ప్రేక్షకులు మరచిపోతే నాలుగు ముందెందుకు పుట్టాలి? పూరణ అతకాల్సింది అక్కడే.

గగనచారి:
రెండు మృత్యుగోళ దండయాత్రల నిల్చి
వెడ్జి తిరిగి వచ్చె విజయమంది
అతని కథకు నాంది యారంభమున లేదు
ముందు నాల్గు పుట్టె మొదటికన్న

తారాపథం:
ఇప్పుడు అతికింది. వెడ్జ్ గురించి ఒక మాట. 1977లో దెబ్బతిన్న విమానంతో మొదటి మృత్యుగోళం మీది కందకంలోంచి తప్పుకున్నవాడే, 1983లో రెండో మృత్యుగోళం లోపలికి దూరి విద్యుత్ నియంత్రకాన్ని పేల్చాడు. మొదటి చిత్రంలో ముఖం డెనిస్ లాసన్‌ది, గొంతు డేవిడ్ ఆంక్రమ్‌ది. దాడికి ముందు వ్యూహసభలో కూర్చున్నది కాలిన్ హిగ్గిన్స్. ఒక్క పాత్ర ముగ్గురి మధ్య చీలిపోయింది. జనానికి గుర్తుండకపోవడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

ద్రుతం:
అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. 1977లో తెర మీద "నాలుగు" అన్న అంకే లేదు. 1980 చిత్రం ఐదో భాగమని వేసుకుని వచ్చింది. 1981 పునర్విడుదలలో గానీ మొదటి చిత్రానికి నాలుగు అంకె చేరలేదు.

అంకె లేక వచ్చె నా డెబ్బదేడులో
ఐదు వెనుక నాల్గు హత్తుకొనియె
ఎంత చిక్కులున్న నీ మాట నిజమయ్య
ముందు నాల్గు పుట్టె మొదటికన్న

గురులఘువు:
ఐ-హ యతి చక్కగా వాడారు. "వచ్చె నా"లో సంధి విడదీస్తే అం-ఆ, అదీ సరే. మూడో పాదంలో "ఈ మాట" అన్న అర్థం "నీ మాట"గా వినిపించే ప్రమాదముంది, చదివేటప్పుడు అక్కడ ఆగాలి. విషయపరంగా ఇది అన్నిటికన్న గట్టి పూరణ, కానీ ఇందులో మనుషులు లేరు.

నీహారం:
నీలి పాలు పోసి నిలిపిన బెరు పిన్ని
ముసలిదయ్యె మొదట, ముగ్ధ పిదప
కాలచక్రమిచట కదలెను వెనుకకు
ముందు నాల్గు పుట్టె మొదటికన్న

ద్రుతం:
రెండో పాదం అద్భుతం! ఒక్క అభ్యంతరం. లూక్‌ను పెంచిన పిన్ని బెరూ పడుచుగా కనిపించే మూడో భాగానికీ, నాలుగుకూ నడుమ కథలో గడిచినవి 19 ఏళ్లే. "ముసలిది" అనడం ఎక్కువ కాదా?

గురులఘువు:
నడివయసే, అతిశయోక్తి కింద ఒప్పుకోవచ్చు. "బెరూ"ను "బెరు" చేయడం గౌరీ గౌరి అయినట్టే కాబట్టి తప్పులేదు. గణం సల అయింది.

నాకు ఈ పద్యం నచ్చింది అందుకు కాదు. 1977లో భోజనాల బల్ల దగ్గర, లూక్‌లో వాళ్ల నాన్న పోలికలు మరీ ఎక్కువని బెరూ భర్తతో అంటుంది, అదే తన భయమని ఓవెన్ బదులిస్తాడు. అప్పటికి అది మామూలు పెంపుడుతల్లి మాట. 2002లో వచ్చిన రెండో భాగంలో, చనిపోయిన తల్లిని మోసుకొచ్చిన అనాకిన్‌ను ఆమె అదే ఇంట్లో కళ్లారా చూసింది. ఆ మాట బరువు మనకు పాతికేళ్లు ఆలస్యంగా తెలిసింది. విడుదల వరుస తారుమారు కావడం వల్ల లాభపడిన పాత్ర ఎవరంటే నేను బెరూ పేరే చెబుతాను.

సంచాలకులు:
ఈ వారం ఉత్తమ పూరణ నీహారం గారిది. ఎర్ర చారల మరమనిషి ఆర్ ఫైవ్ డీ ఫోర్‌ను ఎవరూ తలవలేదు. ఓవెన్ ముందు ఎంచుకున్నది దాన్నే. నాలుగడుగులు వేయకముందే దాని లోపలి చోదకం పేలకపోతే, లేయా సందేశం మోస్తున్న మరో మరమనిషి ఆర్ టూ పాత మరలమ్మే జావాల బండిలోనే ఉండిపోయేది, ఆ సందేశం బెన్ కెనోబీకి చేరేదే కాదు. వచ్చే వారానికి అదే, ఆటవెలది నాలుగో పాదం, పా-బా యతి:

పాడు మరయె కథను బాగుపరచె