రెండు కొత్త టైర్లు ముందుకా, వెనక్కా? (160 హార్స్‌పవర్, ఫ్రంట్ వీల్ డ్రైవ్)

కూకట్‌పల్లి_టర్బో
అందరికీ నమస్తే. నాది టర్బో పెట్రోల్ సెడాన్. 160 హార్స్‌పవర్, 250 దాటిన టార్క్ (చక్రాలని తిప్పే బలం), అంతా ముందు చక్రాలకే. కారు పేరు చెప్పను, చెప్తే చర్చ కంపెనీ మీదకి పోతుంది. 31 వేల కిలోమీటర్లకే ముందు టైర్ల గాడి లోతు 2.5 ఎంఎంకి వచ్చేసింది, వెనకవి ఇంకా 5 ఉన్నాయి. రొటేషన్ (ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం) ఎప్పుడూ చేయించలేదు, తిట్టేవాళ్లు ఇప్పుడే తిట్టేయండి. వాన పడితే సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేర్లో కదలగానే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, డ్యాష్‌బోర్డులో పసుపు లైటు టపటపా కొట్టుకుంటుంది, పక్కన ఆటో అన్న మన వైపు ఒక చూపు చూసి వెళ్లిపోతాడు. ప్రస్తుతం రెండు టైర్లకే డబ్బులున్నాయి. షాపువాడేమో కొత్తవి వెనక వేస్తానంటున్నాడు. బండిని లాగేది ముందు చక్రాలైతే కొత్తవి వెనకెందుకు?

పాతటైరు
వాడి మాట వినకు తమ్ముడూ. నేను 1998 నుంచి నడుపుతున్నా. లాగేది ముందు, తిప్పేది ముందు, బ్రేకు వేస్తే బరువంతా పడేది ముందు. వెనక చక్రాలు తోకలాంటివి, తల ఎటు పోతే అవీ అటే వస్తాయి. పైగా నీది టర్బో. యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి జరిగి ముక్కు పైకి లేస్తుంది, అంటే ముందు టైర్లకి పట్టు బాగా కావాల్సిన సమయంలోనే వాటి మీద బరువు తగ్గుతుంది. అక్కడ అరిగిన టైరు పెట్టి వెనక కొత్తవి వేస్తే ఇంటి ముందు తలుపు తీసిపెట్టి పెరటి తలుపుకి తాళం వేసినట్టు.

నైట్రోజన్_నాని
నైట్రోజన్ కొట్టించండి, అన్నీ సర్దుకుంటాయి 😀

ఘాట్‌రోడ్_గురు
పాతటైరు గారూ, మీరు చెప్పిందంతా పొడి రోడ్డు మీద కదిలేటప్పటి లెక్క. చక్రాలు అలా ఉన్నచోటే తిరిగే జబ్బుకి మందు టైరులో సగమే ఉంది, మిగతా సగం కుడికాలి దగ్గర. టర్బో 1500 ఆర్‌పీఎం దాటగానే టార్క్ ఒక్కసారిగా వస్తుంది కాబట్టి క్లచ్ పూర్తిగా వదిలాకే మెల్లగా తొక్కాలి, వానలో అయితే చక్రం కదిలిన వెంటనే రెండో గేరుకి పోవాలి. స్టీరింగ్ తిప్పి ఉంచి తొక్కకూడదు. టైరుకున్న పట్టు మొత్తం ఒకటే, దాన్ని లాగడానికీ తిప్పడానికీ పంచుకోవాలి. సగం మలుపుకి వాడేస్తే లాగడానికి మిగిలేది తక్కువే.

ఇప్పుడు అసలు విషయం. నిలిచిన నీళ్లలో ముందు టైర్లు పట్టు వదిలితే బండి నేరుగా పోతుంది. భయమేసి కాలు తీస్తాం, స్పీడు తగ్గుతుంది, చాలాసార్లు పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనకవి వదిలితే బండి బొంగరం. అప్పుడు కాలు తీస్తే బరువు ముందుకొచ్చి వెనక ఇంకా తేలికైపోతుంది. స్టీరింగ్ ఎదురు తిప్పి పట్టుకోవాలి, అది మనలో ఎంతమందికి వచ్చు? మిషెలిన్ లాంటి కంపెనీలు కూడా రెండే కొంటే వెనక వేయమనే చెప్తాయి.

లైన్‌మారని_లారీ
ఈఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ సిస్టమ్) ఉంది కదా, అది చూసుకోదా?

ఘాట్‌రోడ్_గురు
ఈఎస్‌సీ చేసేది ఇంజన్ పవర్ తగ్గించి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయడమే. టైరు నీళ్ల మీద తేలుతుంటే ఏ చక్రానికి వేసి ఏం లాభం?

పాతటైరు
కంపెనీ చెప్పింది, కంపెనీ చెప్పింది. కంపెనీకి మన రోడ్డు తెలుసా? నిలిచిన నీళ్లలో బొంగరం తిరగాలంటే ఎంత స్పీడులో ఉండాలి? వానలో 100 ఎవడు కొట్టమన్నాడు?

ఘాట్‌రోడ్_గురు
హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో లిమిట్ 120 అండి. వానలో 90లో పోతున్నా పక్క లేన్ వాళ్లు హారన్ కొడతారు.

పాతటైరు
లిమిట్ ఎంతైనా వానలో 60. నేను 60 దాటను. ఎంతో చెప్పండి, ఎంత స్పీడులో టైరు తేలుతుంది? అంకె చెప్పండి.

ఘాట్‌రోడ్_గురు
ఒక్క అంకె ఉండదు. నీళ్ల లోతు, టైరులో మిగిలిన గాడి, గాలి, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. గాలి తగ్గించినా త్వరగానే తేలుతుంది. "వానాకాలం నాలుగు పాయింట్లు తగ్గించు, పట్టు పెరుగుద్ది" అనే సలహా ఇచ్చేవాళ్లకి ఓ దండం.

పాతటైరు
చూశారా, అంకె లేదు.

డాలస్_బావ
ఇక్కడ చాలా షాపుల్లో రెండే కొంటే వెనకే వేస్తారు, ముందు వేయమంటే ఒప్పుకోరు. నా దగ్గర పాత హ్యాచ్‌బ్యాక్ ఉంది, 250 హార్స్‌పవర్, మొత్తం ముందుకే. సెకండ్ గేర్లో నొక్కితే స్టీరింగ్ చేతిలో పాములా మెలికలు తిరుగుతుంది. ఇంజన్ అడ్డంగా ఉండి ఎడమ, కుడి డ్రైవ్ షాఫ్టుల పొడవులు వేరైతే అలా లాగుతుంది. కొత్త టైర్లు ఎక్కడ వేసినా అది పోదు, చేతులు తేలిగ్గా పెట్టి కాలు నెమ్మదిగా నొక్కడమే. 2025లో ఇండియాకి వచ్చిన గోల్ఫ్ జీటీఐలో 265 హార్స్‌పవర్‌ని ఆపడానికి ముందు డిఫరెన్షియల్‌కే (పవర్‌ని రెండు చక్రాలకి పంచే గేర్లకి) లాక్ పెట్టారు. మామూలు డిఫరెన్షియల్‌లో లోపలి చక్రం జారితే పవర్ అటే పారిపోతుంది.

పాతటైరు
గోల్ఫ్ ఎవడు అడిగాడు ఇక్కడ? సరే, నా సంగతి చెప్తా. 2019, నందిగామ దాటాక, సన్నటి జల్లు, కుడివైపు మలుపు. నాలుగు రోజుల ముందే నేను నమ్మిన షాపువాడు "కొత్తవి వెనకే వేయాలి సార్, అదే రూలు" అని వేసి పంపాడు. స్టీరింగ్ తిప్పాను, బండి తిరగలేదు. నేరుగా పోయి మట్టి గట్టు ఎక్కింది. పక్కన మా అమ్మ. చేతికి ఎనిమిది కుట్లు. ఇక మీ కంపెనీ లెక్కలు నాకు చెప్పొద్దు.

ఘాట్‌రోడ్_గురు
అయ్యో, అమ్మగారికి అలా జరిగిందా, బాధగా ఉందండి. ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఆ రోజు ముందు ఏ టైర్లు ఉన్నాయి?

పాతటైరు
ముందు ఉన్నవే.

ఘాట్‌రోడ్_గురు
అంటే అరిగినవే అక్కడ ఉంచి, వెనక బాగున్నవి తీసి కొత్తవి వేశాడా? మీ పాత వెనక టైర్లు ఏమయ్యాయి?

పాతటైరు
"ఎక్స్ఛేంజ్" అన్నాడు.

లైన్‌మారని_లారీ
అమ్మేసుకున్నాడు 🙏

ఘాట్‌రోడ్_గురు
అది రూలు కాదండీ, దొంగతనం. కొత్తవి వెనక వేయడమంటే, వెనకున్న బాగున్న జతని ముందుకు తెచ్చి, ముందున్న అరిగిన జతని పారేయడం. ఈ తమ్ముడి బండికైతే ముందు 5 ఎంఎం, వెనక కొత్త 8. 2.5వి ఎక్కడా ఉండవు. అవి చట్టం చెప్పే 1.6కి ఇంకా పైనే ఉన్నా వానలో పనికిరావు. మనిద్దరం ఇంతసేపూ వేరువేరు విషయాల మీద కొట్టుకుంటున్నాం.

పాతటైరు
పాఠాలు చెప్పకండి. 5 ముందు, 8 వెనక కంటే 8 ముందు, 5 వెనకే మేలని ఇప్పటికీ అంటా. నా బండి నేనే నడుపుతా. వెనక ఊగితే నా నడుముకి ముందే తెలుస్తుంది. ఇరవై ఏడేళ్లు పైనే అయింది.

ఘాట్‌రోడ్_గురు
మీకు తెలుస్తుంది సరే. మా చెల్లికి తెలియలేదు. అరకు నుంచి దిగుతుంటే మలుపులో కాలు తీసిందంతే, వెనక తిరిగి బండి రోడ్డుకి అడ్డంగా నిలబడింది, ఎదురుగా బస్సు. డ్రైవర్ మంచోడు, ఆపాడు. ముందు రోజే ముందు జత కొత్తది వేయించింది ఎవరో తెలుసా? నేను. మీలాగే అనుకుని. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. టైర్లు అమర్చేది బాగా నడపగలిగేవాడి కోసం కాదండి, ఆ బండి తాళం తీసుకునే అందరి కోసం.

పాతటైరు
అలా అయితే ఆ మాట మొదటే చెప్పాల్సింది.

నైట్రోజన్_నాని
ఇంతకీ ఓపీ (ప్రశ్న అడిగినాయన) బండి ఎవరు నడుపుతారు?

కూకట్‌పల్లి_టర్బో
ఇక్కడే ఉన్నా, అంతా చదువుతున్నా. వారానికి ఐదు రోజులు మా ఆవిడే, ఔటర్ మీదుగా శంషాబాద్ దాకా. నేను శని, ఆదివారాలు. నిజం చెప్పాలంటే అడిగింది నా సిగ్నల్ గొడవ గురించే. ఆటో అన్న చూపు భరించలేక. ఆవిడకి అసలు చక్రాలే తిరగవట, "నువ్వు తొక్కినట్టు తొక్కితే తిరగవా" అంది.

డాలస్_బావ
😂😂

ఘాట్‌రోడ్_గురు
అయితే అరుగుదల రహస్యం కూడా దొరికింది. కొత్తవి వెనక వేయించు, 8 వేలకోసారి రొటేషన్ చేయించు: ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అడ్డం మార్చి ముందుకి. అప్పుడు నాలుగూ కలిసి అరుగుతాయి, ఈ ప్రశ్నే రాదు. డైరెక్షనల్ టైర్లైతే (ఒకే దిశలో తిరగాల్సినవి) అడ్డం మార్చకూడదు, పక్కన బాణం గుర్తు ఉందో లేదో చూసుకో.

కూకట్‌పల్లి_టర్బో
రేపు పదింటికి వెళ్తున్నా. వెనక్కే.

పాతటైరు
పక్కన నాలుగంకెలు చూసుకో తమ్ముడూ. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. రెండేళ్ల కిందటివి కొత్తవని అంటగడతారు. విప్పేటప్పుడు టీ తాగడానికి పోకుండా పక్కనే నిలబడు. తీసిన రెండు టైర్లూ అరిగినవేనని నీ కళ్లతో చూసి డిక్కీలో వేయించుకో.